సీసా మీద పేరు

పొద్దున పాలు పిండే వేళకే బాపు కేకేశాడు. పెద్ద బర్రె వెనక కాలు నేలకు ఆనించడం లేదు, గిట్ట పైన వాపు. దసరా సెలవుల్లో జవాబు పత్రాలు దిద్దుదామని కట్టలు మోసుకొచ్చాను కానీ ఈ రోజు ఒక్క కట్టా విప్పలేదు.

పశువుల డాక్టర్ సార్ పది దాటాక బండి మీద వచ్చారు. గిట్టల సందులో ఇరుక్కున్న తుమ్మ ముల్లు తీసి, కడిగి, జ్వరం చూశారు. నొప్పికి సూది వేస్తానని సంచి తెరిచినప్పుడు "ఏ మందు సార్?" అని అడిగాను. ఏమీ అనుకోకుండా సీసా నా చేతిలో పెట్టారు. మెలాక్సికామ్. నా మొహం చూసి, "రాబందుల కోసం అడిగారు కదా మేడం" అన్నారు. ఆ మాట వినగానే ఎంత సంతోషమైందో. ఒక పల్లెలో పశువుల డాక్టర్ నోట ఆ మాట రావడానికి చాలా మంది చాలా ఏళ్లు కష్టపడ్డారు.

ఆయన వెళ్లాక బాపు పట్టుకున్నాడు. "నొప్పి సూదికి, రాబందుకు ఏం సంబంధం బిడ్డా?" అన్నం తింటూ మొదలుపెట్టిన మాట మూడింటి దాకా సాగింది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ 1980ల నుంచే రాబందుల గూళ్లు లెక్కపెట్టారు. 1990ల నడుమకొచ్చేసరికి ఆ గూళ్లు ఖాళీ అవుతున్నాయి. మెడలు వాల్చి కొమ్మల మీద కూర్చున్న పక్షులు కొన్ని రోజులకు చచ్చిపడేవి. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. అది యూరిక్ యాసిడ్. మూత్రపిండాలు పాడై, బయటికి పోవాల్సింది లోపలే పేరుకుపోయింది. పాడు చేసిందేమిటో మాత్రం ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. ఏదో కొత్త వైరస్ అని చాలా మంది అనుకున్నారు.

చిక్కుముడి వీడింది పాకిస్తాన్ వైపు పంజాబ్‌లో. లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త బృందం వైరస్‌లు, పురుగుమందులు, సీసం లాంటి లోహాలు అన్నీ వెతికింది, ఏదీ సరిపోలేదు. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు ఈ పరిశోధన మొత్తంలో ఎక్కువ ఇష్టం. పశువుల డాక్టర్ల దగ్గరికి, మందుల షాపుల వాళ్ల దగ్గరికి వెళ్లి, గొడ్లకు ఏ మందులు వాడుతున్నారని అడిగారు. రాబందులు తినేది చచ్చిన గొడ్లనే కదా, మరి గొడ్డు ఒంట్లో ఏముంది? మూత్రపిండాలను దెబ్బతీసే గుణమున్న మందు ఆ జాబితాలో ఒకటి దొరికింది, నొప్పికి వేసే డైక్లోఫెనాక్. మూత్రపిండాలు పాడై చచ్చిన పక్షులు 25ను పరీక్షిస్తే 25లోనూ అదే ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13లో ఒక్కదానిలోనూ లేదు. 2004లో ఆ ఫలితం నేచర్ పత్రికలో వచ్చింది. నేను క్లాసులో ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసి, ఇంకేమీ చెప్పకుండా కాసేపు ఆగుతాను. పిల్లలే అందుకుంటారు.

"అన్ని గొడ్లకూ ఆ సూది వేస్తారా? వెయ్యరు కదా" అన్నాడు బాపు. సరైన ప్రశ్న. గొడ్డుకు ఆ మందుతో నష్టం లేదు, నొప్పి తగ్గుతుంది, కొన్ని రోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది కూడా. సూది పడ్డాక ఒకట్రెండు రోజుల్లోనే చచ్చిపోయిన గొడ్డుతోనే ప్రమాదం. అలాంటివి నూటికి ఒకటి కన్నా తక్కువున్నా రాబందులు అంతరించడానికి చాలని తర్వాత లెక్క కట్టారు. ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదులకొద్దీ వాలతాయి. పైగా అవి ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి. వీపు తెల్లగా ఉండే రకం మన దేశంలో 2007 నాటికి వెయ్యికి ఒకటి మిగిలింది.

అప్పటిదాకా చిక్కుళ్లు ఒలుస్తూ వింటున్న బాపమ్మ కలగజేసుకుంది. "ఊరవతల గొడ్డును ఏస్తే, తోలు తీసినాయన ఇటు మర్లే లోపే దిగేటియి. పొద్దుమీకె వరకు బొక్కలే." ఇప్పుడక్కడ కుక్కల గుంపులు తిరుగుతున్నాయి, స్కూలు పిల్లలు ఆ దారిన పోవడానికే భయపడతారు. రాబందులు లేకపోవడంతో పెరిగిన కుక్కలు, చెడిన నీళ్లు, రోగాల వల్ల 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. అది చెప్పినప్పుడు బాపు చాలాసేపు మాట్లాడలేదు.

పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు గొడ్ల దగ్గరికి చేరుతూనే వచ్చాయి. 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాక గొడ్డుకు వేయాలంటే చాలా సీసాలు విప్పాలి, ఖర్చూ పెరుగుతుంది. ఉపదేశాల కన్నా ఇలాంటి చిన్న మెలికే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ఎసిక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు సంగతి ఇంకా బాధ. పేరు వేరు కానీ గొడ్డు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. దాన్నీ, రాబందులకు హాని చేసే మరో నొప్పి మందు కీటోప్రొఫెన్‌నూ పశువులకు ఆపింది 2023లో.

మాకు ఇది దూరపు కథ కాదు. ప్రాణహిత నది వైపు, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలో, పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని 2013లో తెలిసింది. తిండి కోసం రోజుకు వంద కిలోమీటర్లైనా తిరిగే పక్షికి మా ఊరి గొడ్డు కూడా అందుబాటులో ఉన్నట్టే.

"మరి ఏది వద్దో, ఏది మంచిదో రాసియ్యి, పాల కేంద్రంలో అతికిస్తా" అన్నాడు బాపు. జవాబు పత్రాల కట్టలోంచే ఒక తెల్ల కాగితం తీసి పెద్ద అక్షరాలతో రాశాను. వద్దు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్, నిమెసులైడ్. రాబందులకు హాని లేనివి: మెలాక్సికామ్, టోల్ఫెనామిక్ యాసిడ్. కింద ఇంకో వాక్యం చేర్చమన్నాడు: సూది వేసిన గొడ్డు వారం లోపల చచ్చిపోతే బయట పడెయ్యకండి, పూడ్చండి. అది నాకు తట్టలేదు, బాపుకే తట్టింది. పొద్దున పాలు పోయడానికి వెళ్లేటప్పుడు మైదా జిగురు కలిపి పట్టుకెళ్తాడట.