పోచ్ లేని నివేదన్ ఇచ్చినా ఇవ్వనట్టే

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ తాలూకాలో ఆశా కార్యకర్తల నోట నెలకు పదిసార్లు వినబడే మాటలు మూడు: మానధన్, మోబదలా, జీఆర్. మానధన్ అంటే నెలనెలా వచ్చే స్థిరమైన మొత్తం. మోబదలా అంటే చేసిన పనికి లెక్కగట్టి ఇచ్చేది. జీఆర్ అంటే ముంబై మంత్రాలయం (రాష్ట్ర సచివాలయం) నుంచి వెలువడే శాసన నిర్ణయం, అంటే ప్రభుత్వ ఉత్తర్వు. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం మరాఠీ. ఏ డబ్బు ఎక్కడి నుంచి రావాలో తెలియకపోతే ఎంత రాలేదో కూడా తెలియదు. అందుకే ఈ ప్రాంతంలో సంఘం ముందుగా చేయవలసింది ఈ మూడింటినీ తెలుగులో విడమరచి చెప్పడం. మోర్చా (నిరసన ప్రదర్శన) ఆ తర్వాత.

2023–24 సంప్ (సమ్మె) సంగతే చూడండి. 2023 అక్టోబర్‌లో మహారాష్ట్ర అంతటా ఆశాలు, వాళ్ల పనిని పర్యవేక్షించే గట్ ప్రవర్తకులు పని ఆపారు. నవంబర్‌లో ఆశాలకు నెలకు రూ.7,000 పెంచుతామని ఆరోగ్య మంత్రి ప్రకటించారు, సంప్ ఆగింది. జీఆర్ మాత్రం రాలేదు. 2024 జనవరి 12న మళ్లీ సంప్ మొదలుపెట్టి ముంబై ఆజాద్ మైదానంలో కూర్చున్నారు. మార్చిలో మంత్రివర్గం రూ.5,000 పెంపుకు ఒప్పుకుంది, అదీ 2023 నవంబర్ నుంచి వర్తించేలా. నోటి మాటగా ఏడు వేలు ఉన్నది కాగితం మీదికి వచ్చేసరికి ఐదు వేలైంది. రెండోసారి కూర్చోకపోతే ఆ ఐదు వేలకూ దిక్కుండేది కాదు. ఇందులో చాలామంది పట్టించుకోని విషయం అమలు తేదీ. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలల థకబాకీ (బకాయి), మనిషికి రూ.20,000, ఆ ఒక్క తేదీ వల్లే దక్కింది. కాబట్టి ఏ డిమాండ్ రాసినా ఎంత కావాలో దాని పక్కనే ఎప్పటి నుంచి కావాలో రాయాలి.

నివేదన్‌ను, అంటే వినతిపత్రాన్ని, ఎవరికి ఇస్తున్నామో చూసుకోవడంలోనే సగం పని ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వైద్యాధికారి చేయగలిగినవి ఆయననే అడగాలి: క్లెయిమ్ ఫారం మీద సమయానికి సంతకం, రాత్రిపూట కాన్పు కేసుతో వచ్చిన ఆశా పడుకోవడానికి గది, మరుగుదొడ్డి తాళం. తాలూకాలో ఆగిన క్లెయిమ్‌లు తాలూకా ఆరోగ్య అధికారికి, అక్కడ కదలకపోతే జిల్లా పరిషత్‌కు. మానధన్ పెంపు రాష్ట్రం చేతిలో, కేంద్రం వాటా ఢిల్లీ చేతిలో. ఇవన్నీ ఒకే కాగితంలో కుక్కి పీహెచ్‌సీలో ఇస్తే, ‘పైకి పంపాం’ అన్న జవాబుతో మరుగుదొడ్డి తాళం కూడా అలాగే మిగిలిపోతుంది.

ఒక నివేదన్‌లో నాలుగైదు డిమాండ్లకు మించకూడదు. ప్రతి డిమాండ్ కింద సంబంధిత జీఆర్ తేదీ, సాంకేతాంకం రాయాలి. సాంకేతాంకమంటే జీఆర్ మీద ఉండే పొడవైన అంకె, అది తేదీతోనే మొదలవుతుంది కాబట్టి వెతకడం తేలిక. మూడు ప్రతులు తీయాలి. ఒకటి ఆఫీసుకు, ఒకటి పోచ్ కొట్టించుకొని మనకు, ఒకటి సంఘం ఫైలుకు. పోచ్ అంటే కాగితం అందినట్టు ఆఫీసు ఇచ్చే రుజువు, వట్టి సంతకం కాదు. ఆవక్ రిజిస్టర్‌లో (ఆఫీసుకు వచ్చిన కాగితాల పుస్తకంలో) ఎక్కిన నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర మూడూ ఉండాలి. ‘సాహెబ్ లేరు, పెట్టి వెళ్లండి’ అంటే పెట్టి రాకండి. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఫైలులో అతికించండి. కదలిక లేకపోతే సమాచార హక్కు కింద రూ.10 రుసుముతో, ‘ఫలానా ఆవక్ నంబరు నివేదన్‌పై ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు’ అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆవక్ నంబరు లేకపోతే ఆ ప్రశ్న అడగడానికే ఆధారం ఉండదు.

ఇక మోబదలా. పైసలు నిజంగా జారిపోయేది ఇక్కడే. ఆస్పత్రిలో జరిగిన ఒక్క కాన్పు లెక్క చూద్దాం. జననీ సురక్ష పథకం కింద పల్లె ఆశాకు రూ.600: గర్భిణి తనిఖీలు పూర్తి చేయించినందుకు 300, ఆస్పత్రి కాన్పుకు 300. పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డను చూసినందుకు రూ.250. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూడేసి నెలలకు ఒకసారి, ఐదు సందర్శనలకు యాభై చొప్పున మరో రూ.250. మొదటి ఏడాది టీకాలన్నీ పూర్తయితే రూ.100, రెండో ఏడాదికి రూ.75. మొత్తం రూ.1,275. ఇంత పని వెనుక ఒక ఆశా ఎన్ని వాగులు దాటిందో ఏ ఫారంలోనూ గడి ఉండదు.

ఈ 1,275 పూర్తిగా చేతికి రాకపోవడానికి కారణాలు తెలిసినవే. మహారాష్ట్రలో జననీ సురక్ష దారిద్ర్యరేఖ దిగువ, ఎస్సీ, ఎస్టీ తల్లులకే వర్తిస్తుంది. కులపత్రం చేతికందకపోతే తల్లి డబ్బుతో పాటు ఆశా 600 కూడా ఆగిపోతుంది. 42 రోజుల సొమ్ముకు బిడ్డ బరువు కార్డులో రాసి ఉండాలి, జననం నమోదు కావాలి, తొలి టీకాలు పడాలి. మన సరిహద్దు చిక్కు ఇంకొకటి ఉంది. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి వెళ్తుంది, ఆ పుట్టిల్లు గోదావరి అవతల తెలంగాణలో ఉంటుంది. ఆరు సందర్శనల్లో రెండు ఇక్కడ, నాలుగు అక్కడ. వరుస తెగిపోతుంది, ఇక్కడి ఆశాకు క్లెయిమ్ పూర్తి కాదు. ఎన్ని సందర్శనలు చేస్తే అన్నింటికి లెక్కగట్టి ఇవ్వాలని అడగడం న్యాయం. ఇలాంటి డిమాండ్ ముంబైలో కూర్చున్నవాళ్లకు తట్టదు, సిరొంచ నుంచే వెళ్లాలి.

అందుకని ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకోండి. గడులు ఆరు: పని చేసిన తేదీ, పని పేరు, రావలసిన మొత్తం, ఫారం ఇచ్చిన తేదీ, ఏఎన్ఎమ్ సంతకం, ఖాతాలో పడిన తేదీ. ఆరో గడి ఖాళీగా ఉన్న వరుసలే సంఘానికి ఆయుధం. ఒక పీహెచ్‌సీలో ఇరవైమంది ఆ ఖాళీ వరుసల్ని ఒకే పట్టికగా కూర్చి తీసుకెళ్తే, ‘మీ ఒక్కదానికే రాలేదు’ అన్న మాట నిలవదు. డబ్బు రాకపోతే ముందు బ్యాంకు వివరాలు చూడండి. 2025 మే 1న రాష్ట్రంలోని రెండు గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. పాత ఖాతా ఉన్నవాళ్లు ఐఎఫ్ఎస్‌సీ కోడ్ సరిగా ఉందో లేదో తాలూకా ఆఫీసులో సరిచూసుకోవాలి.

సంప్ గురించి. ఆశాలను ప్రభుత్వం స్వయంసేవికలనే అంటుంది, కార్మికులుగా ఒప్పుకోదు. కనీస వేతనం అందనిది అందుకే. పథకాల్లో పనిచేసేవాళ్లను కార్మికులుగా గుర్తించాలని 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. అయినా నోటీసు విషయంలో కార్మిక చట్టం ప్రకారమే నడవడం మేలు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, ఆ నోటీసు 60 రోజులే చెల్లుతుంది. సగంమంది లేదా అంతకు మించి ఒకేరోజు సెలవు పెట్టినా అది సంపే. ఆపవలసింది సర్వేలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, రిపోర్టులు. కాన్పు నొప్పులు, పాముకాటు, జ్వరంతో మగతగా పడి ఉన్న బిడ్డ, వీటిని ఆపకూడదు. గడ్చిరోలిలో మలేరియా ఎంతటిదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరు మనవైపు ఉంటేనే సంప్ నిలుస్తుంది. ఒప్పందంలో రెండు వాక్యాలు తప్పక రాయించుకోవాలి: సంప్ రోజుల డబ్బు ఏమవుతుంది, పాల్గొన్నవారిపై చర్య ఉండదు. ఆఫీసు నుంచి సంజాయిషీ నోటీసు ఒక్కరి పేరున వస్తే ఆ ఒక్కరూ విడిగా వెళ్లి ‘మాఫీనామా’ (క్షమాపణ పత్రం) రాసి ఇవ్వకూడదు. జవాబు సంఘం ద్వారానే పోవాలి.

ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్లు, వార్డు ఆయాలు, ఏజెన్సీల ద్వారా ముసలివాళ్ల సేవకు చంద్రపూర్, నాగపూర్ వెళ్లేవాళ్లు జీతం స్లిప్ అడగాలి. పీఎఫ్ లెక్కకు జీతం రూ.12,000 అయితే మీ వాటా 12 శాతం, రూ.1,440. యజమాని అంతే వేయాలి. ఈఎస్ఐ ఉన్నచోట మీ నుంచి 0.75 శాతం, రూ.90 మాత్రమే. యజమాని వాటా 3.25 శాతం, రూ.390. రెండు వాటాలూ మీ జీతంలోనే కోస్తే అది చట్టవిరుద్ధం. ఠేకేదారు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించాలి.

సంఘం రిజిస్టర్ చేయడానికి కనీసం ఏడుగురు కావాలి, పనిచేసేవారిలో పది శాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులై ఉండాలి. మన దగ్గర దీనికంటే పెద్ద కష్టం దూరం. సిరొంచ నుంచి గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే, వానాకాలం ఆ దారీ ఉండదు. జిల్లా కమిటీలో సిరొంచ మనిషి లేకపోతే మన సంగతులు అక్కడికి చేరవు. పీహెచ్‌సీకి ఇద్దరు ప్రతినిధులు ఉండాలి, ఒకరు మరాఠీ తప్పుల్లేకుండా చదవగలిగినవారై ఉండాలి. చందా పది రూపాయలైనా రసీదు లేకుండా తీసుకోవద్దు, నెలనెలా లెక్క అందరి ముందు చదవాలి. లెక్క తేడా వచ్చి విరిగిన సంఘాన్ని మళ్లీ నిలబెట్టడం కష్టం.

ఇప్పుడు చూడవలసింది కేంద్రం వాటా. 2018 నుంచి నెలకు రూ.2,000గా ఉన్న స్థిర మొత్తాన్ని 2025లో రూ.3,500 చేశారు. పదేళ్లు పనిచేసి తప్పుకునేవారికి ఇచ్చే మొత్తం రూ.20,000 నుంచి రూ.50,000 అయింది. వచ్చే నెల పీహెచ్‌సీ మీటింగుకు పాస్‌బుక్ ఎంట్రీ చేయించుకొని రండి. ఆ 3,500 ఏ నెల నుంచి పడిందో, ఎవరికి పడలేదో పేరుపేరునా రాసుకుందాం.