చూస్తావా అని అడగాలట

"చూపించమంటావా అని ముందు వాడిని అడుగు. వద్దంటే వచ్చెయ్."

మా ఆసుపత్రి పిల్లల వార్డులో ఆటపాటలు చూసుకునే ఆవిడ నాతో అన్న మాట ఇది. ఇంగ్లండ్‌లో ఈ ఉద్యోగాన్ని ప్లే స్పెషలిస్ట్ అంటారు. పిల్లవాడికి సూది వేసేముందు బొమ్మకు వేసి చూపించడం, స్కానింగ్ మెషిన్ ఎలా చప్పుడు చేస్తుందో ముందే వినిపించి భయం పోగొట్టడం వాళ్ళ పని. నాది పోర్టర్ పని. వార్డు నుంచి ఆపరేషన్ థియేటర్‌కి, అక్కడి నుంచి మళ్ళీ వార్డుకి మంచాలు తోస్తాను. డ్యూటీ లేనప్పుడు ఆవిడ టీమ్‌తో కలిసి పిల్లలకు మ్యాజిక్ చేస్తాను. ఆ రోజు కాలికి ఆపరేషన్ అయిన ఒక బాబు ఏడుపు మొహంతో ఉంటే, దగ్గరికి పోయి వాడి చెవి వెనక నుంచి ఎర్ర స్పాంజి బంతి తీశాను. వాడు మొహం అటు తిప్పుకున్నాడు. ఆవిడ నన్ను పక్కకు పిలిచి ఆ మాట అంది. గొంతు పెంచలేదు, నలుగురి ముందూ అనలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లల్ని అడగడమేమిటి? మన దగ్గర ఎవరడుగుతారు? ఇంటికొచ్చిన చుట్టం బుగ్గ గిల్లుతాడు, ఎత్తుకుంటాడు, పద్యం చెప్పమంటాడు. బస్సులో ముక్కూమొహం తెలియని ఆవిడ మన పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జామకాయ పెడుతుంది. ఇదంతా ప్రేమ కాదంటే నేనొప్పుకోను. అడిగి ప్రేమించే అలవాటు మనకు లేదు, దాని వల్ల మనం చెడిపోయిందీ లేదు.

పైగా మ్యాజిక్ నాకు ఇంగ్లండ్‌లో అబ్బింది కాదు. మాది నల్లగొండ జిల్లాలో చండూరు దిక్కు సాలోళ్ళ ఊరు. మా పద్మశాలీల ఇళ్ళకు సాధనాశూరులు వచ్చేవాళ్ళు. ఇంద్రజాలం వాళ్ళ కులవిద్య, మమ్మల్ని అడిగి తీసుకోవడం వాళ్ళ హక్కు. వాళ్ళు ఊళ్ళోకి దిగారంటే మగ్గాలు ఆగేవి. ఆడవాళ్ళు నూలు చుట్టే ఆసు పక్కన పెట్టి అరుగు మీదికి వచ్చేవాళ్ళు. బోర్లించిన చిప్పల కింద గుండ్లు మాయమైపోతుంటే మేం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళం. ఏ పిల్లనూ చూస్తావా అని వాళ్ళు అడగలేదు. అడిగే అవసరం లేదు కూడా. భయపడ్డ పిల్లకు కాళ్ళున్నాయి, ఇంట్లోకి ఉరుకుతుంది. కాసేపటికి తలుపు సందులోంచి చూస్తుంది. లేదంటే అమ్మ కొంగు ఉండనే ఉంది.

ఆవిడ మాట నాకు అక్కడే అర్థమైంది. మంచం మీదున్న బాబుకు ఉరికే వీలు లేదు. కాలికి కట్టు, చేతికి సెలైన్ పైపు. పొద్దున రక్తం తీస్తారు, మధ్యాహ్నం కట్టు విప్పి చూస్తారు, రాత్రి నిద్రలేపి టెంపరేచర్ చూస్తారు. ఏడ్చినా ఆగరు, ఆగకూడదు కూడా. ఆ రోజు మొత్తంలో వాడు వద్దంటే ఆగిపోయేది ఒక్క నా బంతి ఆటే. ఆ "వద్దు" అనే అవకాశం వాడి చేతిలో పెట్టమని ఆవిడ అంటున్నది. మంచానికి ఆ నియమం సరైనదే. మా ఊరి వాకిలికి మాత్రం అది అక్కర్లేదు. ఈ రెండో మాటను ఇక్కడ ఎవరికి చెప్పినా తల ఊపి ఊరుకుంటారు. నాకు బాధనిపించేది అదే.

మిగతా నియమాలతో నాకు పేచీ లేదు. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో రోగుల దగ్గరికి పోయే సిబ్బందికి మోచేతి కింద ఏమీ ఉండకూడదు. పొడుగు చేతుల కోట్లు, వాచీలు వద్దని 2007లో ప్రకటించారు. నేనూ అలాగే పోతాను. కాబట్టి చొక్కా చేతుల్లో దాచాడని ఏ పిల్లా నన్ను అనలేదు. స్పాంజిని తుడిచి శుభ్రం చేయలేం గనక ఒక పిల్లవాడు పట్టుకున్న బంతి ఇక వాడిదే. చిన్నపిల్లలకు నాణేలు వద్దు, మింగేస్తారు. రబ్బరు బెలూన్లు కూడా వద్దు, లేటెక్స్ పడని పిల్లలుంటారు.

ఇప్పుడు అడిగే చేస్తున్నాను. ఒక పాప నేను కనపడగానే మహారాణిలా చెయ్యెత్తి పంపించేస్తుంది. ఇంతవరకూ నా ఆట ఒక్కటీ చూడలేదు. ఆ పాపకు అది మంచి రోజని నర్సులంటారు.

నాకన్నిటికన్నా ఇష్టమైనది చూపించడం కాదు, నేర్పించడం. అమెరికాలో మ్యాజిక్ చేసే డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 1982లో ప్రాజెక్ట్ మ్యాజిక్ అని మొదలుపెట్టాడు. చేతులు సరిగా ఆడని రోగులకు థెరపిస్టుల ద్వారా చిన్న చిన్న ఆటలు నేర్పించి, వేళ్ళకు మళ్ళీ పని అలవాటు చేయడం దాని ఉద్దేశం. ఇక్కడ మా థెరపిస్టు సరేనన్న పిల్లలకు నేను రబ్బరు బ్యాండు ఆట నేర్పుతాను. బ్యాండును చూపుడువేలికీ మధ్యవేలికీ తొడగాలి. పిడికిలి ముడుస్తూ రెండో చేత్తో దాన్ని లాగి నాలుగు వేళ్ళ గోళ్ళ మీదికి తేవాలి. పిడికిలి చటుక్కున విప్పితే బ్యాండు ఉంగరంవేలికీ చిటికెనవేలికీ దూకేస్తుంది. కుడిచెయ్యి బలహీనంగా ఉన్న ఒక పిల్లవాడు దీనికోసం పట్టుబట్టి వేళ్ళు ముడిచి విప్పాడు. తర్వాత రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరుకు చేసి చూపించాడు. ఆయన ఎలా చేశావని అడిగితే చెప్పనన్నాడు. తన ఒంటి గురించి తనకన్నా ఎక్కువ తెలిసిన మనుషుల మధ్య, ఆ పూట వాడికి తెలిసింది వాళ్ళకు తెలియలేదు. వాడి మొహం చూడాలి!

సాయంత్రమైతే మాత్రం నాకు మన వార్డులే గుర్తొస్తాయి. మా తమ్ముణ్ణి చిన్నప్పుడు హైదరాబాద్ నీలోఫర్‌లో చేర్చినప్పుడు మంచం పక్కన అమ్మ, బయట చెట్టు కింద నాయనమ్మ, ఊరి నుంచి సద్ది తెచ్చిన పెదనాయన. పక్క మంచం వాళ్ళది దేవరకొండ. రెండో రోజుకే అక్కా చెల్లె అయిపోయారు, పచ్చడి ఇచ్చిపుచ్చుకున్నారు. ఇక్కడ రాత్రికి ఒకరే ఉంటారు. ఇంట్లో ఇంకో చిన్నబిడ్డ ఉంటే ఆ ఒకరూ ఉండలేరు. పరదా లాగేసి, టాబ్లెట్ వెలుతురులో పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. మందులకు, శుభ్రానికి వంక పెట్టలేను. కానీ ఆ పరదా అవతల ఒక నాయనమ్మ లేకపోవడం లోటేనని గట్టిగా చెప్తాను.

దసరాకు ఇంటికి పోతున్నాను. మా అక్క నల్లగొండలో స్టాఫ్ నర్సు. అక్కడి పిల్లల వార్డులో పెద్ద డాక్టరును అడిగి పర్మిషన్ తీసుకుంటానంది. ఇక్కడి పద్ధతంతా ఫోన్‌లో చెప్పి, ఒక్కొక్క మంచం దగ్గరా అడిగి చేస్తానన్నాను.

"అడుగు, మంచిదే. కానీ నువ్వు ఒక్కణ్ణి అడిగితే వార్డంత చూస్తమంటది. పిల్లలెనక అవ్వలు, అవ్వలెనక వాచ్‌మన్. ఆ బుడ్డ బంతి ఎవరికి కనవడ్తది రా తమ్మీ?" అంది.

అందుకని ఇప్పుడు తాడు ఆట మీద పడ్డాను. కోసిన తాడు మళ్ళీ ఒక్కటయ్యే ఆట, వార్డు చివర నుంచుని చూసినా కనపడుతుంది. రెండో ముడి దగ్గర చెయ్యి ఇంకా తడబడుతోంది. పండక్కి పోయేలోపు అది కుదరాలి.