ముందు కూర, తర్వాతే అన్నం

షుగర్ ఉందని చెప్తే చాలు, బెంగళూరులో అందరూ రాగి ముద్ద తినమంటారు. నేనూ తింటాను, కానీ రాగుల్లోనూ సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే, ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది. నాకు నిజంగా పనిచేసింది తినే వరుస మార్చడం. ముందు గిన్నెడు చిక్కుడుకాయ కూరో బీన్స్ పల్యమో, దాంతో పప్పో గుడ్డో, ఆ తర్వాతే కొంచెం అన్నం.

మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా "ఆ పిడికెడు అన్నంతో ఎట్టా ఉంటావే" అని బాధపడేది, తిన్న 2 గంటల తర్వాత మీటర్‌లో అంకె ఎంత తగ్గిందో చూపించాక తనే పప్పులో ఆకుకూర ఎక్కువ వేయడం మొదలుపెట్టింది, ఆ రోజు నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఉత్సాహం రోజూ ఒకేలా ఉండదు. హెచ్‌బీఏ1సీ అనే రక్త పరీక్ష చెప్పేది 2, 3 నెలల షుగర్ సగటు, కాబట్టి పెళ్లిలో ఒక బొబ్బట్టు తిన్నామని టెన్షన్ పడి మొత్తం వదిలేయక్కర్లేదు, మరుసటి పూట మామూలుగా తింటే సరి. రాత్రి తిన్నాక జయనగర్ వీధుల్లో కాసేపు నడుస్తాను.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ మరీ పడిపోవచ్చు, డాక్టర్‌ని అడిగాకే మార్చండి.