ఆరుద్ర పురుగులు, తెల్ల పొడి

చిన్నది ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది. మా ఆయన “పురుగుల కోసం ఇంత రాద్ధాంతమా” అని అటు తిరిగి పడుకున్నారు. నాకే నిద్ర రావడం లేదు.

నిన్న రాత్రి గట్టి వాన పడింది కదా. పొద్దున స్కూల్ బస్సు కోసం కిందికి దిగితే, జనరేటర్ వెనక ఉన్న ఖాళీ జాగా దగ్గర చిన్నది ఒక్కసారిగా కింద కూర్చుంది. “అమ్మా, వెల్వెట్ నడుస్తోంది!” అంది. వంగి చూద్దును కదా, ఆరుద్ర పురుగులు! ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు రోజులే అయింది. నేను వాటిని చూసి ముప్ఫై ఏళ్లయి ఉంటుంది. తడి మట్టి మీద ఎర్రగా, మఖమల్ గుడ్డ కత్తిరించి కాళ్లు అతికించినట్టు ఉన్నాయి. ఏడు లెక్కపెట్టాం. ఒకదాన్ని వేలితో తాకితే కాళ్లన్నీ ముడుచుకుని చచ్చినట్టు ఉండిపోయింది. సాయంత్రం మళ్లీ చూద్దామని మాటిచ్చి బస్సెక్కించాను.

మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో వచ్చింది. “ఎర్రటి విషపు పురుగులు, పిల్లల్ని అటు పంపకండి” అని మూడో అంతస్తు ఆవిడ పెట్టింది. దాని కింద నమస్కారాలు, థాంక్యూలు, భయపడ్డ బొమ్మలు. విషం అని ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. వాచ్‌మన్‌తో పొడి చల్లించామని గంటలోపే ఇంకో మెసేజ్. సాయంత్రం వెళ్తే ఆ జాగా అంతా తెల్లగా ఉంది. చిన్నది నా చెయ్యి వదిలేసి ఒక్క మాట అనకుండా పైకి వచ్చేసింది. ఏడుపు ఇంట్లోకి వచ్చాక మొదలైంది.

కోపం వచ్చి ఇంత పొడుగు మెసేజ్ టైపు చేశాను. అది మనుషుల్ని కుట్టదు, కరవదు. అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్లు, సాలీడుకి చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటుంది. తొలి వానలకి నేల తడిసి చెదపురుగులు రెక్కలొచ్చి ఉసిళ్లుగా లేచినప్పుడు, వాటిని తినడానికి ఇదీ పైకి వస్తుంది. పనయ్యాక మళ్లీ మట్టిలోకే. కాలిఫోర్నియా ఎడారిలో దీని దగ్గరి జాతి ఒకటుంది, అదైతే ఏడాది మొత్తం మీద కొన్ని గంటలే బయట కనిపిస్తుందట. అన్ని నెలలు చీకట్లో ఆగి వచ్చిన దాని మీద మనం పొడి చల్లాం. ఇదంతా రాశాను. లలితా సహస్రనామంలో వచ్చే ఇంద్రగోపం ఇదే, శుక్రవారం శుక్రవారం మీరు చదివేదే అని కూడా రాశాను. ఆవిడ నిజంగానే చదువుతుంది, గోడలోంచి వినిపిస్తుంది.

పంపే ముందు అగ్గిపెట్టె గుర్తొచ్చింది.

పాలమూరు దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరు, ఎర్ర చెలక. నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఆరుద్రలో మొదటి వాన పడిన తెల్లారి తాత చెలకలోకి పోయి, వంగి చూసి, “పురుగు తేలింది, ఇగ విత్తనం ఎయ్యొచ్చు” అనేవాడు. “ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి” అనడం కూడా ఆయన దగ్గరే విన్నాను. ఆయన విత్తనాల సంగతి చూసుకుంటుంటే నేను పురుగులు ఏరాను. ఖాళీ అగ్గిపెట్టెలో గరిక పరిచి ఇరవై దాకా పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుంటే అట్టను గీకుతున్న చప్పుడు సన్నగా వినిపించేది. అవి ఆడుకుంటున్నాయనుకున్నాను. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున తెరిస్తే అన్నీ ముడుచుకుని ఉన్నాయి. నటిస్తున్నాయేమో, కాసేపటికి లేస్తాయేమో అని మధ్యాహ్నం దాకా గడప మీద కూర్చుని చూశాను. రంగు కూడా తగ్గిపోయింది. అమ్మమ్మ తిట్టలేదు. పెట్టె తీసుకుని చెలక గట్టు మీద పోసి వచ్చింది, అన్నానికి పిలిచింది. నేను తినలేదు.

నేను ముద్దు చేసి ఇరవై చంపాను. ఆవిడ భయపడి ఏడు చంపించింది. ఆవిడ మనవడికి పదకొండు నెలలు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. అది తలుచుకుంటే మెసేజ్‌లో సగం మాటలు నాకే కటువుగా అనిపించాయి. అయినా ఒక్కసారి గ్రూపులో అడిగి ఉండొచ్చు కదా అన్న బాధ మాత్రం పోలేదు, ఇప్పటికీ లేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అగ్గిపెట్టె సంగతి అమ్మకి గుర్తే లేదు. “మీ అపార్ట్‌మెంట్ల కనపడ్డయా? నిజంగనా?” అని రెండుసార్లు అడిగింది. మన చెలకలో అవి కనపడక చాలా ఏళ్లయిందట. ఇప్పుడు అక్కడంతా పత్తి, వారం తప్పకుండా మందు కొడుతున్నారు. ఆ చెలక కౌలుకిచ్చింది మేమే. కౌలు డబ్బులో నా వాటా ప్రతి సంక్రాంతికి నా ఖాతాలో పడుతుంది. దాంతోనే కిందటేడు చిన్నదానికి సైకిలు కొన్నాను. ఏం మందు కొడుతున్నారని నేను ఒక్క ఏడూ అడగలేదు. అమ్మ ఇంకేదో చెబుతోంది, నాకు వినబడలేదు.

పొడుగు మెసేజ్ తీసేశాను. దాని బదులు, ఇవి విషపువి కావు, నాలుగు రోజుల్లో వాటంతట అవే మట్టిలోకి వెళ్లిపోతాయి, ఈసారి కనిపిస్తే నాకు ఫోన్ చేయండి, నేను వచ్చి జాగ్రత్తగా తీసి వెనక గోడ అవతల వదులుతాను అని రాశాను. చివర నా ఫ్లాట్ నంబరు పెట్టాను. ఇంత రాత్రప్పుడు ఎందుకని పంపలేదు, పొద్దున పంపుతాను.

కౌలుదారు నంబరు అమ్మ దగ్గర ఉంది. ఫోన్ చేస్తే ఏమడగాలో ఇంకా తెలియడం లేదు. పంట నష్టం నేను కట్టిస్తానా?

చిన్నది పడుకునే ముందు “మట్టి లోపల ఇంకా ఉంటాయా అమ్మా” అని అడిగింది. ఉంటాయన్నాను. పొడి ఎంత లోతుకి దిగుతుందని అడిగింది.