మా అమ్మాయి లాకు

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి వ్యాపారం. కాయను చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడును బట్టి లోపల ఎలా ఉందో చెప్పేస్తాను. పదకొండేళ్ళ మా అమ్మాయి కడుపులో ఏముందో మాత్రం పద్నాలుగు నెలలు నాకు అంతుపట్టలేదు.

పొద్దున్న లేస్తూనే వికారం. వాంతి అయ్యేది కాదు, అదే వచ్చిన చిక్కు. వాంతి చేసుకుంటే ఇంట్లో అందరూ నమ్ముతారు. ఇడ్లీ ముక్క తుంచి, వేళ్ళ మధ్య నలిపి, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసేది. మా అత్తగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. వాము, శొంఠి, జీలకర్ర కషాయం అన్నీ అయ్యాయి. ఒక డాక్టరు పిల్ల ముందే "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అనేశాడు. ఆ రోజు ఆ మాట నేను కూడా నమ్మాను. తిరుగు ప్రయాణంలో బస్సులో పిల్లతో మాట్లాడలేదు.

తర్వాత కాకినాడలో పిల్లల ఉదరకోశ వైద్యులొకరికి చూపించాం. బరువు తగ్గిందా, వాంతిలో రక్తం కనిపించిందా, తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ వస్తోందా అని గుచ్చి గుచ్చి అడిగారు. రక్తపరీక్షలు, స్కానింగు, ఎండోస్కోపీ చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. దీన్ని ఫంక్షనల్ నాసియా అంటారని, కడుపుకూ మెదడుకూ మధ్య సమాచారం మోసే నరాల తీరు గాడి తప్పడమని చెప్పారు. వారానికి కనీసం రెండుసార్లు, తిండితో పెద్దగా సంబంధం లేకుండా, రెండు నెలలకు పైగా వికారం వేధిస్తే పిల్లల్లో దీన్ని ఒక విడి సమస్యగా, ఇలాంటి కడుపు సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే 2016 నాటి రోమ్ ప్రమాణాల్లో చేర్చారట. మందులతో పాటు హిప్నోథెరపీ ప్రయత్నించమన్నారు.

నాకు తెలిసిన హిప్నాటిజం తీర్థంలో చూసిందే. స్టేజీ మీదికి ఎక్కినవాడి చేత ఉల్లిపాయను ఆపిల్ అని తినిపిస్తారు. నా కూతురి చేత ఏం తినిపిస్తారో అని విశాఖపట్నం వెళ్ళాను.

అక్కడ గడియారం ఊపలేదు, నిద్రపుచ్చలేదు. మానసిక చికిత్స చేసే మేడం మా అమ్మాయిని కుర్చీలో వెనక్కి వాలమని, ఊపిరి నెమ్మదిగా వదలమని చెప్పారు. "నీకు హాయిగా ఉండే చోటు ఊహించుకో. సముద్రపు ఒడ్డు అనుకుందామా?" అన్నారు. మా పిల్ల కళ్ళు మూసుకునే, "వద్దండీ, అంతర్వేది వెళ్ళినప్పుడు అలలు చూస్తేనే తిప్పింది" అంది. మేడం నవ్వి, "అయితే నీ చోటు నువ్వే చెప్పమ్మా" అన్నారు. "మా ఊరి లాకు" అంది.

మా ఊరి కాలువ మీద పాత లాకు ఉంది. నీటి మట్టం తేడా ఉన్నచోట పడవను దించడానికి, ఎక్కించడానికి కట్టిన తలుపుల తొట్టి అది. ఇప్పుడు పడవలు రావు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు ఎలా మూసేవారో, తూము ఎత్తితే నీరు ఎలా దిగేదో వాళ్ళ తాతయ్య ఎన్నోసార్లు చెప్పారు. ఇక మేడం గదిలో వికారం గొంతు దాకా లేచిన కాలువ నీరైంది. పిల్ల వెనక తలుపులు మూసింది. చక్రం తిప్పి తూము ఎత్తింది. నాచు పట్టిన గోడ మీద తడి గుర్తు ఒక్కో రాయీ దిగుతూ పోయింది. గొంతు, ఛాతీ, కడుపు. నీరు సమానం అయ్యాక ముందు తలుపులు తెరుచుకున్నాయి. మేడం గొంతు ఎక్కడా పెంచలేదు. మా అమ్మాయి కుడిచేయి మాత్రం ఒడిలో చిన్నగా తిరుగుతూనే ఉంది, చక్రం తిప్పుతున్నట్టు.

మూడు నెలల్లో ఆరుసార్లు వెళ్ళాం. మధ్యలో రోజూ రాత్రి ఇంట్లో ఈ చికిత్స మాటల రికార్డింగు వినాలి.

వ్యాపారిని కదా, ఇది ఎందరికి పనిచేసిందో మేడంను లెక్క అడిగాను. నెదర్లాండ్స్‌లో కడుపునొప్పితో బాధపడే 53 మంది పిల్లల మీద చేసిన పరీక్ష 2007లో అచ్చయింది. ఏడాది తర్వాత హిప్నోథెరపీ పొందినవారిలో 85 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 25 శాతం కోలుకున్నారు. కానీ అది నొప్పి గురించి. వికారం మీద కూడా అక్కడే పరీక్ష చేశారు. అందులో తేడా అంత పెద్దది కాదు, ఫంక్షనల్ నాసియా ఉన్నవారిలో మాత్రం మేలు ఎక్కువ కనిపించింది. మేడం ఈ రెండో మాట దాచకుండా చెప్పారు కాబట్టే నాకు గురి కుదిరింది.

రెండో నెల దాకా ఏమీ మారలేదు, మా ఆవిడ ఆశ వదిలేసింది. నాలుగో నెలలో ఒక ఆదివారం పిల్ల రెండు పెసరట్లు తిని మూడోది అడిగింది. ఎవరం ఏమీ అనలేదు, అంటే ఆగిపోతుందేమోనని భయం.

వికారం పూర్తిగా పోలేదు. నెలకు రెండు మూడుసార్లు వస్తుంది. మొన్న మంగళవారం వచ్చింది. అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. బడి బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. కాసేపటికి లేచి, "నాన్నా, నీరు దిగింది, బండి తియ్యి" అంది. బడి దగ్గర దింపి వచ్చాను.