దేవుని సేవవలన ప్రయోజనమేమి? (మలాకీ 3:14–17)

"ఇన్ని సంవత్సరాలు నమ్మకంగా పరిచర్య చేశాను, అందుకే ప్రభువు నాకు ఈ మేలు చేశాడు" అని ఎవరైనా సాక్ష్యం చెప్పినప్పుడు నా చూపు చెప్పేవారిని విడిచి వెనుక వరుసల వైపు పోతుంది. అక్కడ అన్నే సంవత్సరాలు, అంతే నమ్మకంగా పనిచేసినవారు కూర్చుని ఉంటారు. వారిలో ఒకరి వ్యాధి తగ్గలేదు, మరొకరి కుమారుడు ఇంటికి తిరిగి రాలేదు, ఇంకొకరి పేరు ఏ కృతజ్ఞతా సభలోనూ వినబడలేదు. పొందిన మేలును బట్టి దేవుని స్తుతించడం మన ధర్మం, దానిని ఎవరూ ఆపకూడదు. కానీ ఆ సాక్ష్యం మధ్యలోని "అందుకే" అనే చిన్న మాట కృపను కూలిగా మార్చివేస్తుంది, కూలి అందనివారిని దోషుల వరుసలో నిలబెడుతుంది. ఆ వెనుక వరుసలవారు ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని లోలోపల అనుకునే మాటను మలాకీ ప్రవక్త కాలపు ప్రజలు పైకే అన్నారు: "దేవుని సేవచేయుట నిష్ఫలము."

అలా అన్నవారిని తొందరపడి నిందించడం నాకు ఇష్టం లేదు. వారు దేవుడు లేడన్నవారు కారు, మందిరపు ఆవరణలో పెరిగినవారు. క్రీ.పూ. 516 ప్రాంతంలో యెరూషలేములోని ఆ మందిరం తిరిగి కట్టబడింది. కడవరి మందిర మహిమ మునుపటి మందిర మహిమను మించుతుందని హగ్గయి ప్రవక్త చెప్పగా విని, ఆ మాట మీదనే ఆధారపడి వారి పెద్దలు రాళ్లు మోశారు. ఆ తరువాత సంవత్సరాలు దొర్లిపోయాయి. దేశం పారసీక రాజుల అధికారులచేతిలోనే ఉండిపోయింది, పంటను పురుగు తింటూనే ఉంది, ఎదురుచూసిన మహిమ కంటికి కనబడలేదు. మొదటి అధ్యాయంలో యాజకులు గ్రుడ్డిదానిని, కుంటిదానిని బలిపీఠం మీదికి తెచ్చారని చదివినప్పుడు మనకు కోపం వస్తుంది, రావలసినదే. అయినా మనం నిర్లక్ష్యమని గద్దించేదానిలో చాలా భాగం ఎన్నాళ్లుగానో అణచుకున్న నిరాశేనని, అది నోట పలకడానికి ముందు చేతులలో కనబడుతుందని నాకు అనుభవం వలన తెలుసు.

ఈ వచనంలో నన్ను చాలాకాలంగా పట్టి ఉంచినది "ప్రయోజనమేమి" అనే మాట. హెబ్రీలో అది "బెత్సా". కోసుకున్న ముక్క, దక్కిన వాటా, లాభం అనే భావం గల పదమది. అన్యాయంగా సంపాదించిన లాభానికి కూడా లేఖనాలు ఈ పదాన్నే వాడతాయి. ఇదే పదం, ఇదే "ఏమి ప్రయోజనము" అనే ప్రశ్నగా, ఆదికాండము 37వ అధ్యాయంలో యూదా నోట వస్తుంది. గుంటలో యోసేపు ఉన్నాడు, పైన అన్నలు భోజనానికి కూర్చున్నారు, దూరాన వర్తకుల ఒంటెలు కనబడుతున్నాయి. మన సహోదరుని చంపి దాచిపెట్టినందువలన ఏమి ప్రయోజనము, అమ్మివేద్దాము రండి, అన్నాడు యూదా. ఆ లెక్క యోసేపు ప్రాణాన్ని నిలిపిందన్నది నిజమే. అయినా సొంత తమ్ముని ఎదుట పెట్టుకుని అడగదగిన ప్రశ్న కాదది. ఆ ప్రశ్నకు జవాబు 20 తులముల వెండిగా తేలింది. మలాకీ కాలపు ప్రజలు అదే ప్రశ్నను తండ్రి ఎదుట పెట్టారు. "నీ దగ్గర ఉన్నందువలన మాకు దక్కినదేమిటి" అని తండ్రిని అడిగితే ఆ తండ్రికి కలిగే నొప్పిని మనం ఎప్పుడైనా ఆలోచించామా? అందుకే కాబోలు, "నన్నుగూర్చి మీరు బహు గర్వపుమాటలు పలికితిరి" అని 13వ వచనంలో దేవుడు అన్నప్పుడు నాకు ఆ స్వరంలో కోపం కన్నా గాయమే ఎక్కువగా వినబడుతుంది.

ఆ లెక్కకు అమ్ముడుపోయిన యోసేపు మాత్రం తన జీవితంలో ఆ ప్రశ్న వేసుకున్నట్లు కనబడడు. చేయని నేరానికి చెరసాలలో ఉండి కూడా, అప్పగించబడిన ఇద్దరు ఖైదీలకు ఉపచారం చేశాడు. ఉపచారమంటే పని ముగించుకుని పోవడం కాదు. ఒక ఉదయం వారి ముఖాలు చిన్నబోయి ఉండడం గమనించి కారణం అడిగాడు. తన దుఃఖమే తనకు చాలినంత ఉన్నవాడు ఎదుటివాని ముఖం వైపు చూడగలగడం నాకు వారి కలల భావం చెప్పిన దానికన్నా గొప్ప కార్యంగా తోస్తుంది. దానికి అతనికి అందిన ప్రతిఫలమేమిటి? "నన్ను జ్ఞాపకం చేసుకో" అని వేడుకున్నవాడిని ఆ ఇద్దరిలో ఒకడైన పానదాయకుల అధిపతి విడుదలయ్యాక మరచిపోయాడు. ఆ మరపు 2 నిండు సంవత్సరాలు సాగింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. 11 సంవత్సరాలు నేను సండే స్కూలులో చిన్నపిల్లలకు వాక్యం చెప్పాను, వారి ఇళ్లకు వెళ్లి ప్రార్థించాను. మొదట పిల్లల అవసరాలు గుర్తుంచుకోవడానికి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎప్పుడు మారిందో నాకే తెలియదు గాని, కొన్నేళ్లకు అందులో పిల్లల అవసరాలు తగ్గి, నేను వెళ్లిన తేదీలు, నేను మానుకున్న పనులు, నేను ఖర్చుపెట్టిన గంటలు పెరిగాయి. ఒక వార్షిక కూటంలో పరిచర్య చేసినవారందరి పేర్లూ చదివినప్పుడు నా పేరు తప్పిపోయింది. కావాలని చేసినది కాదు, పొరపాటే. అయినా ఆ రాత్రి నేను మోకాళ్లూనక, ఆ పుస్తకం ముందు వేసుకుని పేజీ తరువాత పేజీ తిరగవేశాను. అప్పు ఇచ్చినవాడు పత్రాలను చూసుకున్నట్లు చూసుకున్నాను. ఆ తరువాత రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడవ వారం, అనుదిన పఠనంలో భాగంగా మలాకీ 3వ అధ్యాయం తెరవవలసి వచ్చింది. 14వ వచనం నా మాటే అనిపించింది. 16వ వచనం దగ్గర చేయి ఆగిపోయింది, ఎందుకంటే అక్కడ మరొక పుస్తకం ఉంది.

"యెహోవాయందు భయభక్తులు కలిగి ఆయన నామమును స్మరించుచు ఉండువారికి జ్ఞాపకార్థముగా ఒక గ్రంథము ఆయన సముఖమునందు వ్రాయబడెను." గ్రంథం ఆయన సముఖంలో ఉంది, కలం వేరొకరి చేతిలో ఉంది. అందులో పేరున్నవారిలో ఎవరికీ అది చదవడానికి ఇచ్చినట్లు లేదు. నేను నా ఇంట్లో, నా చేతివ్రాతతో, నా ఎదుట వ్రాసుకున్నది ఆ గ్రంథానికి నకలు కూడా కాలేదు. ఎందుకంటే నా పుస్తకంలో నేను విసుక్కున్న రోజులు లేవు, నేను కసురుకుంటే ఏడ్చిన పిల్లవాడు లేడు.

పారసీక పాలనలో జీవిస్తున్న ఆ ప్రజలకు ఇటువంటి గ్రంథమంటే ఏమిటో బాగా తెలిసే ఉంటుంది. ఎస్తేరు గ్రంథంలో దానిని మనమూ చూస్తాం. రాజును చంపడానికి ద్వారపాలకులు ఇద్దరు చేసిన కుట్రను ఎస్తేరును పెంచిన మొర్దెకై బయటపెట్టాడు, ఆ సంగతి రాజు ఎదుటనే గ్రంథంలో వ్రాయబడింది. అంతటితో 2వ అధ్యాయం ముగుస్తుంది. 3వ అధ్యాయం మొదటి వచనంలో హెచ్చింపబడినవాడు ఎవరు? హామాను. ప్రాణం కాపాడినవాడు గుమ్మం దగ్గరే ఉండిపోయాడు, ఏమీ చేయనివాడు అధిపతులందరి మీద పీఠం ఎక్కాడు. ఆ రెండు అధ్యాయాల మధ్యనున్న తెల్లని ఖాళీలో ఎంతమంది దైవసేవకులు నేటికీ కాలం గడుపుతున్నారో! ఎస్తేరు రాణి అయినది రాజు ఏలుబడిలో 7వ సంవత్సరం, యూదులను నాశనం చేసే దినం కోసం హామాను చీటి వేయించినది 12వ సంవత్సరం. అంతకాలమూ గ్రంథంలో సిరా ఆరిపోయి ఉంది, ఒక్క అక్షరం చెరగలేదు, ఎవరూ దానిని తెరవలేదు. ఒక రాత్రి రాజుకు నిద్రపట్టక గ్రంథాన్ని చదివించుకుంటే, ఇతనికి ఏ మర్యాద జరిగిందని అడిగితే, ఏమీ జరగలేదన్న జవాబు వచ్చింది. ఆ రాత్రి కన్నా ముందే మొర్దెకైకి బహుమానం అంది ఉంటే, హామాను అతని కోసం ఉరికొయ్య సిద్ధం చేసిన ఆ తెల్లవారుజామున అతన్ని కాపాడడానికి గ్రంథంలో ఏమి మిగిలి ఉండేది?

ఈ కథలో బోధకులు మొర్దెకైకి తొడిగిన రాజవస్త్రం దగ్గర, అతన్ని ఎక్కించిన గుఱ్ఱం దగ్గర ఆగిపోతారు. నేను 6వ అధ్యాయం 12వ వచనం దగ్గర ఆగుతాను. వీధిలో ఘనత పొందిన తరువాత "మొర్దెకై రాజు గుమ్మమునొద్దకు వచ్చెను." రాజవస్త్రం విప్పి మళ్లీ అదే గుమ్మం దగ్గరకు వచ్చాడు. నిన్న అక్కడే ఉన్నాడు, గుర్తింపు లేనప్పుడూ అక్కడే ఉన్నాడు, ఊరంతా చూసిన తరువాతా అక్కడే ఉన్నాడు. ఘనత రాకముందు అతన్ని అక్కడ నిలిపినది ఘనత మీది ఆశే అయితే, అది అందిన తరువాత తిరిగి రావలసిన పనిలేదు.

ఇలా అన్నందుకు, ప్రతిఫలం కోరడమే పాపమని నేను చెబుతున్నట్లు ఎవరూ అనుకోవద్దు. అలసినవారి మీద ఆ బరువు కూడా వేయడం క్రూరత్వం. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించి, మందిర క్రమాన్ని సరిచేసి, "నా దేవా, నన్ను జ్ఞాపకముంచుకొనుము" అని మళ్లీ మళ్లీ అడిగాడు, నేను చేసిన ఉపకారములను తుడిచివేయకుము అని కూడా అడిగాడు. అందుకు దేవుడు అతన్ని గద్దించలేదు. మీరు చూపిన ప్రేమను "మరచుటకు దేవుడు అన్యాయస్థుడు కాడు" అని హెబ్రీ పత్రిక 6:10 ధైర్యం చెబుతుంది. మన సేవను మరచిపోవడం తనకు అన్యాయమవుతుందని దేవుడే ఒప్పుకున్న తరువాత మనకు ఇంకేమి పత్రం కావాలి? నెహెమ్యా తన లెక్కను దేవుని చేతిలో పెట్టి పనిలోకి వెళ్లాడు. నేను నా లెక్కను నా చేతిలోనే ఉంచుకుని పని మానేశాను. ఇద్దరమూ జ్ఞాపకాన్నే కోరాము. మత్తయి 25లో తీర్పువేళ ప్రభువు కుడివైపు నిలిచినవారు ఇంకా ముందుకు వెళ్లారు: "ప్రభువా, యెప్పుడు నీవు ఆకలిగొనియుండుట చూచి నీకాహారమిచ్చితిమి" అని వారు ఆశ్చర్యపోయారు. ఆయన గ్రంథంలో ఉన్నది వారి జ్ఞాపకంలోనే లేదు.

17వ వచనం నన్ను ఎప్పుడూ కరిగిస్తుంది. "తండ్రి తన్ను సేవించు కుమారుని కనికరించునట్టు నేను వారిని కనికరింతును." ఇక్కడ సేవించేవాడు దాసుడు కాడు, కుమారుడు. కుమారుడు పొలానికి వెళ్లినందుకు సాయంకాలం కూలి లెక్కపెట్టరు, అన్నం పెడతారు. లూకా 15లో, తప్పిపోయిన కుమారుని ఉపమానంలోని పెద్దకుమారుడు ఈ వచనాన్ని మరచిపోయాడు. "ఇన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అని తన సంవత్సరాలు లెక్కపెట్టాడు, తనకు దక్కని మేకపిల్లను లెక్కపెట్టాడు. ఆ తండ్రి మేకపిల్ల విషయంలో వాదించలేదు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు" అన్నాడు. ఇంట్లో ఉండి, తండ్రి పక్కన పనిచేస్తూ, తాను ఇంట్లోనే ఉన్నానని తెలియకపోవడం ఎంత దిగులు! పిల్లలకు వాక్యం చెప్పిన ఆ 11 సంవత్సరాలలో ప్రతి శనివారం రాత్రి నేను ఆయనతో గడిపిన గంటలను నా పుస్తకంలో ఖర్చు కింద వ్రాసుకున్నాను. అవే నాకు అందిన వరుమానమని అప్పుడు గ్రహించలేదు.

అలసిపోయిన సహోదరులారా, సహోదరీలారా, మీ అలసటను దాచుకోకండి, దానిని పాపమని భయపడకండి. కానీ దానిని ఎవరితో, ఎలా మాట్లాడుతున్నారో చూసుకోండి. మలాకీ 3:13లో దేవునికి విరోధంగా మాటలాడుకోవడానికీ, 16లో భయభక్తులు గలవారు ఒకరితో ఒకరు మాటలాడుకోవడానికీ హెబ్రీలో వాడిన క్రియ ఒక్కటే. ప్రశ్న వేసినవారూ ఈ మాట్లాడుకున్నవారూ వేర్వేరు గుంపులని చాలామంది అంటారు, కావచ్చు. నాకు మాత్రం, నిన్న అలా మాట్లాడిన పెదవులలో కొన్నైనా నేడు ఇలా మాట్లాడి ఉంటాయనిపిస్తుంది. వారు ఏమి మాట్లాడుకున్నారో ఒక్క మాట కూడా లేఖనం మనకు చెప్పదు. అది ప్రసంగం కాదు, పాట కాదు. వాడిపోయిన మనుష్యులు ఇద్దరో ముగ్గురో కూర్చుని మాట్లాడుకుంటే, యెహోవా చెవియొగ్గి ఆలకించాడు, గ్రంథం తెరిపించాడు. ఆ గ్రంథం వ్రాయబడినది గొప్ప బలి అర్పించినప్పుడు కాదు, ఆ మాటల దగ్గరే.

నాతోపాటు తొమ్మిదేళ్లు పిల్లల మధ్య పనిచేసిన ఒక సహోదరుడు రెండు నెలలుగా రావడం లేదు. ఆయనకు రావలసిన కృతజ్ఞత రాలేదన్నది నిజం. నేను ఇంతవరకు ఫోనులో వచనాలు మాత్రమే పంపుతూ వచ్చాను. ఈ సాయంకాలం ఆయన ఇంటికి వెళ్తున్నాను. ఎందుకు రావడం లేదని అడగను. నా రెండు ఆదివారాల సంగతి ఇంతవరకు ఆయనకు తెలియదు, ముందు అది చెబుతాను.