మందు కొట్టని మందు

మా మేనమామకు చిక్కబళ్ళాపురం దగ్గర ఎకరన్నర ద్రాక్షతోట ఉంది. బెంగళూరు బ్లూ రకం. వానలు పడి ఆకుల అడుగున తెల్లటి బూజు కనిపిస్తే ఇక ఆయన వీపు మీంచి ట్యాంకు దిగదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, "మీ మామ మందు కొడుతున్నాడు, బయటికి రావద్దు" అని అత్తయ్య మమ్మల్ని లోపలికి తోసి తలుపేసేది. మామ మాత్రం ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆ వాసనలోనే తిరిగేవాడు. రాత్రి అన్నానికి కూచుంటే కళ్ళు ఎర్రగా ఉండేవి. ఎంత సబ్బు రుద్దినా చేతుల వాసన పోయేది కాదు.

ఇప్పుడు బెంగళూరు ఇందిరానగర్‌లో శనివారం రాత్రి నేను కొట్టే మందు వేరు. (అమ్మ ఇది చదవదులెండి.) ఏడాదిగా ఆర్గానిక్ వైనే, అంటే కృత్రిమ రసాయన మందులు కొట్టకుండా పెంచిన ద్రాక్షతో చేసిందే, కొంటున్నాను. యూరప్ సీసాలైతే ఆకుపచ్చ ముద్రలో నక్షత్రాలతో గీసిన ఆకు ఉంటుంది. నేను ఇదివరకు కొన్నదానికి రెట్టింపు ధర. అందుకే నెలకు నాలుగు సీసాలు రెండయ్యాయి.

"అది తాగితే తలనొప్పి రాదంట కదా?" అంటాడు ఆఫీసులో పక్క సీటాయన. ఎందుకు రాదు, శుభ్రంగా వస్తుంది. 13 శాతం ఆల్కహాల్ ఎందులో ఉన్నా 13 శాతమే. వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్లు కాస్త తక్కువ, అంతే. యూరప్‌లో తీపి లేని ఎర్ర వైన్‌కు లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటే, ఆర్గానిక్‌కు 100 దాకా. నేను కొనేది నా ఒంటి కోసం కాదు, ఆ తువ్వాలు గుర్తొచ్చి.

అలాగని ఆర్గానిక్ తోటలో అసలు మందే కొట్టరనుకోకండి. గంధకం కొడతారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమూ కొడతారు. మైలుతుత్తంలో ఉండే రాగి నేలలో పేరుకుపోతుందని, 2019 నుంచి యూరప్‌లో ఏడేళ్ళకు హెక్టారుకు 28 కిలోలు మించకూడదన్నారు. ఈ సంగతి చెబితే మామ పడీపడీ నవ్వాడు. "మైలుతుత్తం మా నాయన కాలం నుంచీ కొడుతున్నాం కదరా. అయితే మేమూ సగం ఆర్గానిక్కే!"

మరి మిగతా సగం కూడా మారొచ్చు కదా అన్నాను. ద్రాక్షలాంటి తోటలకు ఆర్గానిక్ ముద్ర రావాలంటే మూడేళ్ళు ఆగాలి. "ఆ మూడేళ్ళూ పంట తగ్గితే అప్పు నువ్వు కడతావా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

పోయిన నెల ఒక సీసా తీసుకెళ్ళి చూపించాను. ధర అడిగాడు, చెప్పాను.

"రైతు దగ్గర కిలో ఎంతకు కొన్నారో రాశారా దీని మీద?"

సీసా తిప్పి చూశాను. ఆకు బొమ్మ ఒక్కటే ఉంది.